వారంలో ఆరు రోజుల వంట

మదనపల్లె

చిరంజీవి నాయనకు మీ అమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాము. కోడలమ్మాయి దగ్గు తగ్గిందా?

మొన్న నువ్వు ఫోన్లో అన్నమాట మనసులోనే ఉండిపోయింది. ఆ పిల్ల పుట్టింట్లో గుడ్డు కూడా వండరని, మీ ఇంట్లో ఇక మాంసం పొయ్యి మీదకి ఎక్కదని నువ్వే చెప్పావు. మంచి పని చేశావు, నాకు సంతోషమే. ఆ వెంటనే "ఏం తిన్నా తిన్నట్లు లేదమ్మా, పనీరు, ఉర్లగడ్డ, మళ్ళీ పనీరు" అన్నావు చూడు, అందుకే ఈ ఉత్తరం.

మన ఇంట్లో మాంసం ఎప్పుడు వండేవాళ్ళం? ఆదివారం, పండగకి, చుట్టాలొస్తే. తక్కిన ఆరు రోజులు ఏం తిని ఇంతవాడివయ్యావు? వానను నమ్ముకున్న సేద్యం మనది. రాగులు, ఉలవలు, అనపలు, కందులు, చెనక్కాయలు, ఇవే పండేవి. వాటితోనే మీ అవ్వ రోజుకొక రుచి పుట్టించేది. ఆ ఆరు రోజుల వంట నీకు గుర్తుకు రావాలి. హోటల్ వాళ్ళ పనీరు బటర్ మసాలా దానికి సాటి రాదు.

ముందు ఉలవచారు చెయ్యి. అక్కడ బెంగళూరు అంగళ్ళలో హురుళికాళు అని అడిగితే ఇస్తారు. రెండు గ్లాసుల ఉలవలు తీసుకుని రాళ్ళు లేకుండా ఏరు. ఆ పని తొందరగా కానిచ్చేది కాదు, చిన్న రాళ్ళు ఉలవ రంగులోనే ఉంటాయి. రాత్రి నానబెట్టి పొద్దున ఎక్కువ నీళ్ళు పోసి కుక్కర్లో ఎనిమిది, పది కూతలు రానివ్వు. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా చిదిమిపోవాలి. నీళ్ళు వడగట్టి పక్కన పెట్టుకో, చారుకి అసలు బలం ఆ నీళ్ళే. ఉడికిన ఉలవలు ఒక గుప్పెడు, వేయించిన ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ధనియాలు, మిరియాలు, జీలకర్ర కలిపి మెత్తగా రుబ్బు. చింతపండు పులుసుతో పాటు ఆ ముద్దను వడగట్టిన నీళ్ళలో కలిపి, సన్న మంట మీద చిక్కబడేదాకా కాచు. తిరగమోతలో తెల్లగడ్డ దంచి వేసి ఎర్రగా వేగనివ్వు. మాంసం చారు మాదిరి నిండుగా ఉంటుంది. మిగిలిన ఉలవలు పారేయొద్దు. ఎండుమిరపకాయ, కరివేపాకుతో తిరగమోత పెట్టి కొబ్బరి తురుము చల్లితే సాయంత్రానికి గుగ్గిళ్ళు.

ఇక నీకు బాగా ఇష్టమైంది, పితికిపప్పు. సంక్రాంతి ముందూ వెనకా అనపకాయలు వస్తాయి కదా. బెంగళూరులో వాటికి మన ఊరి కంటే ఎక్కువ గిరాకీ. గాంధీ బజారులోనో, మల్లేశ్వరంలోనో చలికాలంలో అవరేకాయ కుప్పలు పోసి అమ్ముతారు. పితికిన పప్పు కూడా తూకానికి దొరుకుతుంది, హితికిద అవరేబేళె అంటారు. వీలుంటే కాయలే కొను. గింజలు ఒలిచి రాత్రంతా నీళ్ళలో వేసి, తెల్లారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు జారి బయట పడుతుంది. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటూ చేస్తే గంటలో అయిపోతుంది. మసాలా మాత్రం నేను ఆదివారం మాంసానికి వేసేదే వెయ్యి: ఎర్రగడ్డ, అల్లం, తెల్లగడ్డ, ధనియాలు, చెక్క, లవంగం, గసగసాలు, ఎండుకొబ్బరి. ఎర్రగడ్డను ఓపిగ్గా ఎర్రగా వేయించు, మసాలా ముద్దను నూనె పైకి తేలేదాకా వదిలిపెట్టకు. మాంసం కూరలో నువ్వు వాసన పట్టి పరిగెత్తుకుని వచ్చింది ముక్కకి కాదు నాయనా, ఈ వేగిన ముద్దకి. పచ్చి వాసన పోకముందే నీళ్ళు పోశావంటే మాంసమైనా, అనపగింజలైనా చప్పగానే ఉంటాయి.

పితికిపప్పుకి రాగి సంగటి తప్ప ఇంకేదీ అంత సరిపోదు. అన్నం మెత్తగా ఉడికాక రాగిపిండి పైన పోసి, కలపకుండా మూత పెట్టి కాసేపు మగ్గనివ్వు. తర్వాత తెడ్డుతో గట్టిగా గెలుకు. ఉండ కట్టకుండా రావాలంటే చేతికి బలం కావాలి, అది నీ పనే, అమ్మాయికి వదిలేయకు. అసలు ఈ వంటలన్నీ నువ్వు నేర్చుకో. మాంసం మానింది నీ మాట మీద. రుచి లేదని గొణుగుతూ ఆ పిల్లను రోజూ రెండు రకాలు చేయిస్తే అది మానడం అనిపించుకోదు.

గుత్తి వంకాయకి చిన్నవి, లేతవి ఏరుకో. తొడిమ ఉంచి నాలుగు పక్షాలుగా కోసి ఉప్పు నీళ్ళలో వేస్తే నల్లబడవు. చెనక్కాయ విత్తనాలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియాలు, ఎండుమిరపకాయలు విడివిడిగా వేయించు. కలిపి వేయిస్తే నువ్వులు మాడేలోపు చెనక్కాయలు పచ్చిగానే ఉంటాయి. చింతపండు, ఉప్పు, తెల్లగడ్డ చేర్చి రుబ్బి కూరు. నూనె కాస్త ధారాళంగా పోసి, మూత పెట్టి, సన్న మంట మీద కాయ మెత్తబడేదాకా తిప్పుతూ ఉండు. నీళ్ళు చివరన, మిగిలిన ముద్దతో పాటు.

నమలడానికి ఏదైనా కావాలనిపించిన రోజు మీల్ మేకర్ ఉండనే ఉంది. వేడినీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండు, మళ్ళీ చన్నీళ్ళు పోసి పిండు. ఆ నీళ్ళు పోకపోతే సోయా వాసన మసాలాను మింగేస్తుంది. పుట్టగొడుగులైతే పెద్ద మంట మీద, వాటి నీళ్ళు ఇగిరిపోయాకే మిరియాల పొడి వెయ్యి.

ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు ఏ కూరా వద్దు. తోటకూర, సిర్రాకు, చెంచలాకు ఏది దొరికితే అది పచ్చిమిరపకాయ, చింతపండు వేసి ఉడికించి పప్పుగుత్తితో ఎనిపితే పుల్లగూర. పక్కన ఊరుబిండి. వేయించిన చెనక్కాయ విత్తనాలు, కాల్చిన మిరపకాయలు బరకగా దంచి, పచ్చి ఎర్రగడ్డ చివర వేసి ఒక్క దెబ్బ వెయ్యి. ఎర్రగడ్డ నలిగితే రుచి పోతుంది.

బలం సంగతి అడిగావు. మాంసం లేకుంటే నీరసం వస్తుందని నీ స్నేహితులు చెప్పారట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ లెక్కలో పెద్దవాళ్ళకి శరీరం బరువులో కిలోకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి రోజుకి 50 గ్రాములు. కందిపప్పు, ఉలవలు, చెనక్కాయలు ఏవైనా 100 గ్రాములకి 20 గ్రాములు దాటి ఇస్తాయి. ఎండు మీల్ మేకర్‌లో సుమారు సగం ప్రొటీనే. రాగుల్లో 100 గ్రాములకి 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం. ఒక్క బి12 విటమిన్ మాత్రం మొక్కల్లో దొరకదు, పాలు, పెరుగు తగ్గించొద్దు. అమ్మాయి చిన్నప్పటి నుంచీ గుడ్డు కూడా తినలేదు కాబట్టి ఒకసారి రక్తపరీక్ష చేయించు, తక్కువుంటే డాక్టరు మాత్రలు రాస్తారు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే కాఫీ తాగే అలవాటు నీకుంది, గంట ఆగి తాగు.

ధనియాలు, ఎండుమిరపకాయలు, చెనక్కాయ విత్తనాలు మూట కట్టి ఉంచాను. మీ నాయన ఈ నెలాఖరుకి బస్సులో వస్తున్నారు, ఆయన చేత పంపిస్తా. రాగిపిండి ఇక్కడ మరలో ఆడించిందే ఇస్తాను, ప్యాకెట్ కొనకు. శనివారం రాత్రి ఉలవలు నానబెట్టడం మరిచిపోవద్దు. ఆదివారం పొద్దున వీడియో కాల్ చెయ్యి, తిరగమోత దాకా పక్కనే ఉండి చెబుతాను. అమ్మాయి వాళ్ళ ఇంట్లో మజ్జిగపులుసు బాగా చేస్తారని విన్నాను. ఎట్లా చేస్తారో నాకు రాసి పంపమని చెప్పు.

దీవెనలతో,
అమ్మ