కలెక్టర్ గారూ, పౌరహక్కుల దినం మా ఊరి గుడి ముందు పెట్టించండి

కలెక్టర్ గారికి నమస్కారం. అంటరానితనం తప్పని చెప్పడానికి అధికారులు ఊళ్లలో జరిపే పౌరహక్కుల దినం గురించి ఈ విన్నపం. మన తిరుపతిలో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించింది వైష్ణవ ఆచార్యులు రామానుజులేనని పెద్దలు చెబుతారు. గురువు రహస్యమన్న మంత్రాన్ని ఆయన తిరుక్కోష్టియూరు గోపురమెక్కి అందరికీ వినిపించారనీ, కర్ణాటకలోని మేల్కోటేలో దళితులను తిరుక్కులత్తార్, అంటే పవిత్ర కులం వారు, అని పిలిచి గుళ్లోకి రానిచ్చారనీ సంప్రదాయం. మా పల్లెలో మాత్రం ఇప్పటికీ ఎస్సీ కాలనీ వాళ్లకు తీర్థం ఇచ్చేటప్పుడు ఉద్ధరిణె జానెడు పైకి లేస్తుంది, దోసిట్లో పడేది సగం, మోచేతి మీదుగా కారిపోయేది సగం. చూస్తుంటే కడుపు మండిపోతుంది సార్. అంటరానితనం పాటిస్తే శిక్షించే చట్టం 1955లోనే వచ్చింది. పౌరహక్కుల దినం ఎప్పుడూ ఎస్సీ కాలనీలోనే జరుపుతున్నారు, కానీ తేడా చూపేది కాలనీ వాళ్లు కాదు కాబట్టి ఈసారి గుడి ముందే పెట్టించండి, ఎమ్మార్వోను, ఎస్సైని పంపండి, వీలైతే మీరే రండి.