గర్భిణిని ఆ ఒక్క మాటా అడగండి

అయ్యా,

ముప్పై ఏళ్లు విశాఖ చుట్టుపక్కల ఏఎన్ఎంగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఎంతమంది గర్భిణులకు బీపీ చూసి, ఐరన్ మాత్రలు చేతిలో పెట్టానో లెక్కలేదు. వారిలో ఒక్కరినైనా "తాగే అలవాటు ఉందా తల్లీ?" అని అడిగిన పాపాన పోలేదు. మన ఆడవాళ్లు తాగరని నమ్మకం. అడిగితే తప్పుపడతారని భయం.

భీమిలి దగ్గర ఒక ఊళ్లో, ఆరో నెల కోడలికి అత్తగారు మధ్యాహ్నం పూట గ్లాసు నిండా కల్లు పోయడం కళ్లారా చూశాను. "చలవ చేస్తుందమ్మా" అంది. ప్రేమతోనే పోసింది, పాపం. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది గానీ ఎండెక్కేసరికి పులిసి కైపెక్కుతుంది. తల్లి తాగింది మాయ దాటి బిడ్డ రక్తంలో చేరుతుంది. దాన్ని అరాయించుకునే శక్తి ఆ లేత కాలేయానికి ఉండదు. అలా పుట్టిన పిల్లల లక్షణాలను అమెరికా వైద్యులు 1973లోనే గుర్తించి 'ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఆ లక్షణాలు: చిన్న తల, పలచని పై పెదవి, ఎదుగుదల లోపం. కల్లయినా బీరయినా ఇంతవరకు పరవాలేదనే కొలత లేదు. గంజాయితోనూ బిడ్డ బరువు తగ్గుతుంది. జాలరిపేటల్లో చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే అవ్వలను చూస్తూ కూడా, మత్తు మగవాళ్ల వ్యవహారమని ఎలా అనుకున్నామో!

మొన్న 9వ తేదీన మా కోడలిని పరీక్షకు తీసుకెళ్లాను. అక్కడా అదే వరస. అన్నీ అడిగారు, అది తప్ప. తిరిగి వస్తుంటే ఆటోలో మెల్లగా చెప్పింది. గర్భమని తెలియకముందు ఆఫీసు విందులో రెండు గ్లాసుల వైన్ తాగిందట, అప్పటినుంచి నిద్రపట్టడం లేదట. ఆటో వెనక్కి తిప్పించాను. డాక్టరమ్మ తిట్టలేదు. "ఇక ముట్టుకోకు, స్కానింగులు మానకు" అన్నారు. మొదటే అడిగి ఉంటే ఆ పిల్ల అన్నాళ్లు కుమిలేది కాదు. రోజూ తాగేవారు మాత్రం సొంతంగా ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టరు దగ్గరే మానాలి. మత్తు మానడానికి సాయపడే సర్కారు నంబరు 14446కు ఫోను చేసినా దారి చెబుతారు.

మన సీసాల మీద 2019 నుంచి ఉన్న హెచ్చరికలో ఆరోగ్యానికి హానికరమని, తాగి బండి నడపవద్దని ఉంది. గర్భిణి ఊసే లేదు. అమెరికా సీసాల మీద 1989 నుంచీ ఉంది. తెలుగులో ఒక్క వరుస చేర్చడానికి ఎంత చోటు పడుతుంది?

అది జరిగేలోగా, మా వీధి ఆశా కార్యకర్త పుస్తకంలో నా పెన్నుతోనే ఆ ప్రశ్న రాసిచ్చాను.

– ఒక విశ్రాంత ఏఎన్ఎం, ఆరిలోవ, విశాఖపట్నం