మూలవాసాల కోత, ఇన్సులేషన్ షీట్లు: ఇకపై మా పద్ధతి ఇదీ

మా టింబర్ డిపో కస్టమర్లకు ఒక మాట. “30 డిగ్రీల వాలు, మూలకు 45, కోసి పంపేయండి” అని వాట్సాప్‌లో డ్రాయింగ్ పెట్టే ఆర్డర్లు ఇక తీసుకోం. గోడల మీద దూలాలు పడ్డాక మేమే వచ్చి కొలుచుకుని, ఆ తర్వాతే రంపం పెడతాం. డెలివరీ ఆలస్యమవుతుంది, కోత కూలి విడిగా పడుతుంది. మొహమాటం లేకుండా ముందే చెప్పేస్తున్నా.

రెండు పక్కలే వాలే కప్పుకు ఈ గొడవ లేదు. మంగళూరు పెంకుతో నాలుగు పక్కలా వాలు పెట్టించుకునేవాళ్లకే. 30 డిగ్రీల కప్పులో మూలవాసం (రెండు వాలులు కలిసే మూల మీది వాసం) ఐమూలగా పోతుంది. ఎక్కాల్సిన ఎత్తు అంతే, దూరం ఎక్కువ. అందుకని దాని వాలు 22 డిగ్రీల పైచిలుకే. దానికి ఆనే పొట్టి వాసాలకు పక్కన 30 డిగ్రీల గీత గీసి, రంపాన్ని 45కి వంచి ఆ గీత వెంట కోయాలి. రెండడుగులకొకటి పెడితే ఒక్కోటీ ముందుదానికన్నా సుమారు 2 అడుగుల 3¾ అంగుళాలు తగ్గుతుంది. కుడివైపు ముక్క ఎడమకు పనికిరాదు. పాత మేస్త్రీలు మూలమట్టంతోనే ఇదంతా తేల్చేస్తారు, లెక్కలు మాలాంటివాళ్లకే.

వాళ్లకూ కొత్తగా వచ్చి పడింది ఇన్సులేషన్ షీటు, అంటే వేడి దిగకుండా కప్పు మీద పరిచే గట్టి పలక. ప్లాన్‌లో 45 కనిపిస్తుంది గానీ షీటు పడుకునేది వాలు మీద. 45కే కోస్తే అడుగు వెడల్పుకు దాదాపు 2 అంగుళాలు తక్కువ పడుతుంది. చూరు అంచు నుంచి 49 డిగ్రీలు కావాలి. అంచును కూడా నిటారుగా కాక 20.7 డిగ్రీలు వంచి కోయాలి. లేదంటే 50 మి.మీ. షీట్లు రెండూ అడుగున కలిసి, పైన 35 మి.మీ. నోరు తెరుస్తాయి. ఫోమ్ కొట్టి పూడ్చొచ్చు, నిజమే. ఏసీ గదుల మీద మూల పొడవునా ఫోమ్‌ను నమ్ముకోవడం మాత్రం నాకు నచ్చదు.

రాక్‌వుల్ (రాతి నారతో చేసిన మెత్తటి ఇన్సులేషన్) అయితే ఈ టెన్షన్ లేదు. వాసాల మధ్య దూరానికి అర అంగుళం ఎక్కువ కోసి నొక్కితే కూర్చుంటుంది. దానికి కోత కూలి తీసుకోం.

పై అంకెలన్నీ మూల సరిగ్గా 90 డిగ్రీలుండి, అన్ని వాలులూ సమానమైతేనే. పాత గోడల మీద కప్పు మార్పించేవాళ్లు ముందు రెండు ఐమూలలూ, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, టేపుతో కొలిచి చూడండి. తేడా వస్తే ఏ అంకే నిలవదు.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు పాత రేటే. దూలాలు పడగానే ఫోన్ చేయండి. పెంకు లోడు మాత్రం మా కోత అయ్యాకే దింపించుకోండి, లేకపోతే వాసాలు పేర్చుకోను చోటుండదు.