పల్లె జోస్యుడికి మన సభల్లో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఒపేరా, అంటే పాశ్చాత్య సంగీత రూపకం, గురించి వచ్చిన వ్యాసం చదివాను. భారీ రంగశాల, పెద్ద వాద్యబృందం, రాజపోషణ లేనిదే ఆ కళ నిలవదనీ, చెన్నై తెలుగు సంఘాలకు అది అందని మానిపండేననీ రచయిత తేల్చేశారు. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను.

ఉదాహరణకు, 'సామాజిక ఒడంబడిక' గ్రంథం రాసిన పద్దెనిమిదవ శతాబ్దపు తత్త్వవేత్త రూసో, సంగీత ప్రతులు రాసి పొట్టపోసుకుంటున్న రోజుల్లో, మాటలూ బాణీలూ తానే కూర్చిన 'ల దెవాఁ ద్యు విలాజ్', అనగా 'పల్లె జోస్యుడు', ఒకే అంకం గల చిన్న హాస్య సంగీత రూపకం. 1752 అక్టోబరు 18న ఫోంతెన్‌బ్లో కోటలో ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీ ఎదుట ప్రదర్శించారు. రాజుగారు భరణం ఇస్తారని తెలిసినా మర్నాడు రూసో దర్శనానికే వెళ్లలేదు. దర్బారు సంగతి అలా ఉంచితే, ఇందులో ప్రధాన పాత్రలు మూడే: కొలెత్ అనే పల్లెపిల్ల, ఆమెను మరచి జమీందారిణి వెంట తిరుగుతున్న కొలాఁ, ఊరి జోస్యుడు.

కొలెత్ చేతిలో చిల్లర లెక్కపెట్టుకొని, కాగితంలో మడిచి జోస్యుడికి ఇస్తుంది. కొలాఁ వచ్చినప్పుడు జోస్యుడు జేబులోంచి మంత్రాల పుస్తకం తీసి హడావుడి చేస్తాడు. నిజానికి అతడి దగ్గర ఏ విద్యా లేదు. ఈ అమాయకులు తమ నోటితో చెప్పినదే తిరిగి చెబుతుంటే తన మహిమకు అబ్బురపడుతున్నారని తనలో తాను నవ్వుకుంటాడు. ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు అంతఃపురానికి వెళ్లి పద్మావతి మనసు చెప్పిన శ్రీనివాసుడికి కూడా సంగతి ముందే తెలుసు కదా! చివరకు కొలాఁ టోపీకున్న ఖరీదైన రిబ్బను తీసేసి, కొలెత్ ఇచ్చిన మామూలు రిబ్బను పెట్టుకుంటాడు. కథంతా ఇంతే.

ఇందులో సంభాషణ కూడా రాగయుక్తంగానే సాగుతుంది. మన యక్షగానాల్లో ద్విపదలూ దరువులూ చేసే పని అదే కనుక, తంజావూరు నాయకరాజుల కాలం నుంచి తమిళనేల మీద తెలుగు రూపకాలు ఆడిన సంప్రదాయానికి ఇది బొత్తిగా పరాయిది కాదు. తంజావూరు దగ్గరి మెలట్టూరులో భాగవతమేళ నాటకాలాడే భాగవతులు నేటికీ తెలుగులోనే పాడుతున్నారు. ఇదే ఇతివృత్తానికి వచ్చిన వ్యంగ్యానుకరణ ఆధారంగా 1768లో పన్నెండేళ్ల బాల సంగీతకర్త మొజార్ట్ జర్మన్‌లో మరో రూపకం కూర్చాడంటే, కథ ఎంత తేలికగా భాష మారగలదో ఊహించవచ్చు.

మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖా, ఫ్రెంచి శాఖా ఉన్నాయి. ఆ రెండు శాఖలవారూ కలిసి తెలుగు అనువాదం సిద్ధం చేస్తే, హార్మోనియం, వయొలిన్, మృదంగంతో వచ్చే ఉగాదికి ఏదైనా సంఘం దీన్ని ప్రదర్శించవచ్చు. చివరనున్న నృత్యభాగం మాత్రం, నా దృష్టిలో, కథకు మించి సాగుతుంది. దాన్ని కుదించి కోలాటం పెట్టుకుంటే సరిపోతుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మైలాపూరు, చెన్నై