సంఘం హాలు మళ్లీ తెరిచాం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనంతా దాదాపు మన పాత హాలు చుట్టూనే తిరిగింది. తాడిపత్రిలో పెళ్లిళ్ల నుంచి పెద్దకర్మ భోజనాల దాకా అన్నీ చూసిన హాలు అది. నాపరాతి గోడలు, కొయ్య దూలాలు, దంతెల మీద బండలు పరిచి చౌడు మన్ను వేసిన మిద్దె. ఏటా వానలకు ముందు కొత్త చౌడు వేస్తేనే అలాంటి మిద్దె కారకుండా ఉంటుంది. ఆ పని మానుకున్నాకే ఉరవడం మొదలైంది.

అప్పట్లో మిద్దెకూ గోడలకూ సిమెంటు పూయించాం. మంచిదనే అనుకున్నాం. కానీ సున్నంతో కట్టిన గోడ తేమను బయటికి వదిలేస్తుంది, సిమెంటు పూత దాన్ని లోపలే పట్టేస్తుంది. గోడలు అడుగు నుంచి ఉప్పు పూసి, పెళ్లలు పెళ్లలుగా రాలాయి. అందుకే ఈసారి సిమెంటంతా చెక్కించి పని మొదలుపెట్టాం.

డంగు సున్నం పని తెలిసిన బేల్దారి దొరికేదాకా చాలా టెన్షన్ పడ్డాం. చివరికి దొరికిన పెద్దాయన సున్నాన్ని నానబెట్టించి, ఇసుక కలిపి గానుగ ఆడించారు. కరక్కాయలు నానిన నీళ్లు, బెల్లం నీళ్లు పోయించారు. ముద్దను బొటనవేలితో నొక్కి చూసి, "ఇంకా కాలేదు సామీ" అని మళ్లీ గానుగకు పంపేవారు. మన ఎండలకు పూత గబగబా ఆరితే పగుళ్లిస్తుంది. తడి గోనెపట్టలు కప్పి పూటపూటా నీళ్లు చల్లాలి. వీధిలోని ఆడవాళ్లు, ఇంటర్ పిల్లలు వంతులేసుకుని ఆ పని చేశారు. వాళ్ల రుణం సంఘం తీర్చుకోలేనిది.

వేదిక పక్క గోడకు బళ్లారి రాఘవ ఫొటో మళ్లీ పెట్టాం. 1880లో మన తాడిపత్రిలోనే పుట్టిన మహానటుడాయన. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి వాళ్లను రంగస్థలం మీదికి తెచ్చారు. హాలు తెరిచిన రోజు మన ఆడపిల్లలే నాటిక వేశారు. మధ్యలో కరెంటు పోయి మైకు ఆగినా, వాళ్ల మాట చివరి వరస దాకా వినపడింది. నాకైతే కళ్లు చెమర్చాయి.

రక్తదాన శిబిరం, టెన్త్ పిల్లల సాయంత్రం క్లాసులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం.

వంటశాల రేకులు ఇంకా మార్చాలి. మృగశిర కార్తె లోపలే మిద్దెకు చౌడు వేయాలి. ఎవరు ఏ రోజు రాగలరో ఈ నెలలోనే పేరు రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి