పాత లెక్కలు పోకుండా చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను పదకొండేళ్లుగా ఒక అభయారణ్యంలో పక్షుల లెక్కింపుకు వెళ్తున్నాను. అక్కడి వెబ్‌సైట్‌ను ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) సాఫ్ట్‌వేర్‌లోకి మారుస్తున్నారని తెలిసి చాలా సంతోషించాను.

మూడేళ్ల కిందట చెరువు గట్టు దారిలో, గులకరాళ్ల మధ్య తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. గార్డు తాడు కట్టి దారి మూసేశాడు. వెబ్‌సైట్‌లో మాత్రం ‘దారి తెరిచి ఉంది’ అనే ఉంది. ఆ ఒక్క వాక్యం మార్చడానికి సైటు తయారుచేసిన సంస్థ తొమ్మిది రోజులు తీసుకుంది. ఈలోగా సైటు చూసుకుని వచ్చినవాళ్లు తాడు దాటి వెళ్లారు. మనిషి అడుగు వినిపించినప్పుడల్లా తల్లి గుడ్లు వదిలి లేచిపోవడం నా కళ్లతో చూశాను. పదో రోజుకు ఆ గుంట ఖాళీ. ఎవరి కాలు పడిందో, ఏ కాకి ఎత్తుకుపోయిందో చెప్పలేను.

వెబ్‌సైట్లు నడిపే ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో డ్రూపల్ 2001 నుంచి, వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఉన్నాయి. రెండూ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద వచ్చినవే, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. లైసెన్సు ఖర్చు లేకపోవడం ఒక మేలే. దానికన్నా నాకు ముఖ్యం, ఆ గార్డే లాగిన్ అయి ‘దారి మూశాం’ అని అప్పటికప్పుడు రాయగలగడం. అప్‌డేట్లు మాత్రం ఎప్పటికప్పుడు వేసే మనిషి ఉండాలి, లేకపోతే సైటు హ్యాకర్ల పాలవుతుంది.

నా భయమల్లా పాత పేజీల గురించి. ఏటా మేం లెక్కపెట్టిన పట్టికలన్నీ అందులోనే ఉన్నాయి. విద్యార్థులు తమ పరిశోధనల్లో ఆ లింకులే ఇచ్చారు. సైటు మారినప్పుడు పేజీ చిరునామాలూ మారితే వాళ్లకు దొరికేది ‘పేజీ లేదు’ అన్న మాటే. పాత చిరునామాల జాబితా ముందే రాసుకుని, ఒక్కోదాన్నీ కొత్త పేజీకి 301 రీడైరెక్టుతో, అంటే పాత లింకు నొక్కినవాళ్లను నేరుగా కొత్త పేజీకి పంపే ఏర్పాటుతో, కలపాలి. డొమైన్ (సైటు ఇంటర్నెట్ పేరు) ఎవరి పేరు మీద ఉందో కూడా ఇప్పుడే చూసుకోవాలి, పాత సంస్థ పేరు మీద ఉంటే తాళంచెవి వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఫొటోల సంగతి మరీ జాగ్రత్త. ఫోనుతో తీసిన ఒక గద్ద గూడు ఫొటో వివరాలు తెరిచి చూస్తే, ఆ చెట్టున్న చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా కనిపించింది. గుడ్లు దొంగిలించేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? కొత్త సైటులోకి ఎక్కించే ముందు ప్రతి ఫొటోలోంచీ ఆ సమాచారం తీసేయాలి.

లెక్కలు రాసుకున్న నోటు పుస్తకాలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పట్టికలు సరిచూడటానికి పిలిస్తే ఆదివారాలు వచ్చి కూర్చుంటాను.

— పక్షుల లెక్కింపు వలంటీరు