అక్కడివాళ్లు ఏమి అడిగారో చూపించాకే మీ కాగితాలు తీసుకుంటాం

నమస్కారం. డిగ్రీ సర్టిఫికెట్లు, పుట్టిన తేదీ, పెళ్లి సర్టిఫికెట్లు, పవర్ ఆఫ్ అటార్నీలు విదేశాల్లో చెల్లేలా చేయించి పెట్టమని మా దగ్గరికి వచ్చే అందరికీ ఒక మార్పు చెప్పాలి. ఇకపై, కాగితం అడుగుతున్న యూనివర్సిటీ గానీ, కంపెనీ గానీ, అక్కడి కోర్టు గానీ సరిగ్గా ఏమి కావాలందో రాతలో చూపించాకే పని మొదలుపెడతాం. ఈమెయిల్ ఉన్నా చాలు, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్న పేజీ ప్రింటు తీసి తెచ్చినా చాలు. "మా ఫ్రెండ్ ఇలాగే చేయించుకున్నాడు" అనే మాట మీద మాత్రం తీసుకోం.

వీసా తేదీ నెత్తిమీద ఉన్నవాళ్లకు ఇది విసుగు తెప్పిస్తుందని తెలుసు. కానీ దారి తప్పాక వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టడానికి పట్టే కాలం ముందు, ఒక ఈమెయిల్‌కి జవాబు వచ్చేదాకా ఆగడం ఏమంత పెద్దది కాదు.

దారులు ముఖ్యంగా రెండు. మీరు వెళ్లే దేశం, కాగితం ఇచ్చిన దేశం రెండూ 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందంలో ఉంటే అపోస్టిల్ (కాగితం మీది సంతకం, సీలు అసలైనవే అని, ఆ కాగితం ఇచ్చిన దేశమే ఇచ్చే ధ్రువీకరణ) ఒక్కటే సరిపోతుంది, ఎంబసీ మెట్లు ఎక్కాల్సిన పని లేదు. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పాత గొలుసే గతి. ఒక ఆఫీసు సంతకాన్ని పై ఆఫీసు ధ్రువీకరించాలి, దాన్ని విదేశాంగ శాఖ, చివరకు వెళ్లే దేశపు ఎంబసీ ధ్రువీకరించాలి. మధ్యలో ఒక మెట్టు వదిలేసి వెళ్తే పై మెట్టు దగ్గర ఆపేస్తారు.

చిక్కు ఎక్కడంటే, సభ్య దేశాల జాబితా మారుతూ ఉంటుంది. సౌదీ అరేబియాలో ఈ ఒప్పందం 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. చైనాలో 2023 నవంబరు 7న, కెనడాలో 2024 జనవరి 11న వచ్చింది. అంతకు ముందు వెళ్లినవాళ్లు ఎంబసీ అటెస్టేషన్ చేయించుకున్నారు, వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, కాలం మారిందంతే. గల్ఫ్ అంతా ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. ఒమన్, బహ్రెయిన్ ఎప్పటి నుంచో సభ్యులు. ఇది రాసేనాటికి యూఏఈ, ఖతార్ సభ్యులు కావు. అక్కడికి ఎంబసీ అటెస్టేషనే కావాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొత్తగా చేరిన దేశం మీద పాత సభ్య దేశం అభ్యంతరం చెప్పవచ్చు. అప్పుడు రెండూ జాబితాలో కనిపించినా ఆ రెండింటి మధ్య అపోస్టిల్ చెల్లదు. మేము రాతలో అడగమనేది ఇందుకే.

అపోస్టిల్ చేతికి రాగానే ఒక్కసారి దాన్ని పరీక్షగా చూడండి. నలుచదరంగా, పక్కకు కనీసం 9 సెంటీమీటర్లు ఉండాలని ఒప్పందం చెబుతుంది. పైన ఫ్రెంచిలో శీర్షిక, కింద 10 అంశాలు ఉంటాయి. ఏ దేశపు కాగితం, ఎవరి సంతకం, ఏ హోదాలో చేశారు, ఎవరి సీలు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు ధ్రువీకరించారు, నంబరు, ముద్ర, సంతకం. ఇందులో మీ మార్కుల గురించి ఒక్క ముక్క ఉండదు. కాగితం మీద ఉన్న సంతకం, హోదా, సీలు అసలైనవే అని మాత్రమే అది చెబుతుంది. సర్టిఫికెట్‌లో పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటే అపోస్టిల్ వచ్చినా ఆ తేడా అలాగే ఉంటుంది. పేరు సరిచేయించుకోవాల్సింది ముందు, స్టాంపు తర్వాత.

ఆలస్యాలకు అసలు కారణం కూడా ఈ సంతకం దగ్గరే ఉంది, జనం అనుకున్నట్టు క్యూలో కాదు. ధ్రువీకరించే ఆఫీసు దగ్గర అధికారుల నమూనా సంతకాలు ఉంటాయి. మీ కాగితం మీద ఉన్నదాన్ని వాటితో పోల్చి చూస్తారు. పదిహేనేళ్ల కిందటి డిగ్రీ మీద సంతకం చేసిన అధికారి ఎప్పుడో రిటైర్ అయ్యుంటారు, ఆయన నమూనా ఈ ఆఫీసుకు చేరకపోయి ఉండవచ్చు. అప్పుడు కాగితం వెనక్కి, ఇచ్చిన సంస్థకే వెళ్లాలి. ఇప్పుడున్న అధికారితో మళ్లీ ధ్రువీకరణ గానీ, కొత్త కాపీ గానీ తెచ్చుకోవాలి. ఆ సంస్థ ఎన్నాళ్లు తీసుకుంటుందో మా చేతిలో లేదు. "ఇన్ని రోజుల్లో గ్యారంటీ" అనే మాట మా నోట రానిది ఇందుకే. కాగితం ఏ రోజు లోపలికి ఇచ్చామో, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో మాత్రం దాచకుండా చెబుతాం.

మీవైపు నుంచి కొన్ని జాగ్రత్తలు. ఒరిజినల్‌కి లామినేషన్ చేయించకండి. ఇప్పటికే చేయించి ఉంటే ఇంట్లో ఇస్త్రీ పెట్టె పెట్టి ఊడదీయకండి, సిరా ప్లాస్టిక్‌తో పాటే లేచి వస్తుంది. కొత్త కాపీకి దరఖాస్తు పెట్టడమే మేలు. అపోస్టిల్ విడి కాగితంగా జోడించి వస్తే జిరాక్స్ కోసం దాని పిన్ను తీయకండి. తీసి మళ్లీ కొట్టిన ఆనవాలు కనిపిస్తే, కాగితాలు మార్చారేమో అని అనుమానిస్తారు. అనువాదం కావాలంటే అపోస్టిల్‌కి ముందా, తర్వాతా, ఎవరు చేయాలి అని కాగితం అడిగిన సంస్థనే అడగండి. కొన్ని దేశాలు తమ దగ్గర ప్రమాణం చేసిన అనువాదకుల పని తప్ప ఒప్పుకోవు. ఇక్కడ తొందరపడి చేయిస్తే రెండుసార్లు ఖర్చు.

అపోస్టిల్‌కి ఒప్పందం ఏ గడువూ పెట్టలేదు. కానీ అడిగే సంస్థ పుట్టిన తేదీ సర్టిఫికెటో, పోలీసు క్లియరెన్సో ఇటీవలిదే కావాలనవచ్చు. కాబట్టి మరీ ముందుగా చేయించి బీరువాలో పెట్టుకోవడం కూడా మంచిది కాదు.

మీరు సొంతంగా చేసుకోగల పని అయితే ఆ మాట మొదటి ఫోన్‌లోనే చెప్పేస్తాం. యూరోపియన్ యూనియన్‌లోని ఒక దేశం ఇచ్చిన పుట్టిన తేదీ, పెళ్లి సర్టిఫికెట్ల లాంటివి ఇంకో సభ్య దేశంలో చూపించడానికి 2019 ఫిబ్రవరి నుంచి అపోస్టిలే అక్కర్లేదు. అలాంటి పనికి డబ్బు తీసుకోవడం మాకు ఇష్టం లేదు.

ఇప్పటికే మా దగ్గర కాగితాలు ఇచ్చినవాళ్లు కంగారు పడకండి, మీవి పాత పద్ధతిలోనే నడుస్తాయి. అయితే అక్కడి సంస్థ నుంచి వచ్చిన ఈమెయిల్ మీ దగ్గర ఉంటే ఈ వారంలోనే పంపండి. కాగితం ఎంబసీ మెట్టుకు చేరకముందే దారి సరైనదో కాదో చూసుకుంటాం.